డెమోకి ముందు తుడిచిన ఇల్లు

మంగళవారం పొద్దున్నే కాఫీ తాగుతూ భాస్కరరావు ఆ రోజు పని నిర్ణయించుకున్నాడు. కొట్టు తెరిచే లోపు ఒక వాక్యూమ్ క్లీనర్ ఎంచుకోవాలి. శుక్రవారానికి అది ఇంట్లో ఉండాలి. దాని ధర విని రత్నాంబ కళ్ళు తిరిగి పడిపోకూడదు. ఏలూరు మెయిన్ బజారులో స్టీలు సామాన్ల కొట్టు నడుపుతూ జుట్టు నెరిపించుకున్న మనిషికి ఒక మిషన్ ఎంచుకోవడం పెద్ద పనేమీ కాదని అతను అనుకున్నాడు. అనుకోవడానికి ఖర్చేముంది?

దీనంతటికీ కారణం జున్ను. తెల్లటి పొమేరియన్ కుక్క. కూతురు సుష్మిత కాలేజీలో ఉండగా చున్నీలో దాచి ఇంటికి తెచ్చింది. పెళ్ళయి బెంగుళూరు వెళ్ళేటప్పుడు, "మా అపార్టుమెంట్లో కుక్కల్ని ఉంచనివ్వరు నాన్నా" అని తండ్రికి అప్పగించేసింది. మొదట్లో భాస్కరరావు దాన్ని పేరు పెట్టి కూడా పిలిచేవాడు కాదు. ఇప్పుడు కొట్టు కట్టేసి ఇంటికి రాగానే భార్య కంటే ముందు దాన్నే పలకరిస్తున్నాడు. ఈ సంగతి రత్నాంబకి తెలుసు. తనకు తెలిసిందని ఇంకా అతనితో అనలేదు, అవసరం వచ్చినప్పుడు అనొచ్చని దాచుకుంది.

హాల్లో ఏలూరు తివాచీ పరిచి ఉంటుంది. ముదురు మెరూన్ రంగు, అసలు ఉన్ని, చేత్తో ముడులు వేసి నేసినది. సుష్మిత పెళ్ళప్పుడు స్నేహితుడు సిరాజుద్దీన్ దగ్గర కొన్నారు. సిరాజుద్దీన్ వాళ్ళది తాతల నాటి తివాచీల వ్యాపారం. అమ్మేసిన తివాచీ కూడా ఇంకా తనదే అన్నట్టు ఉంటుంది ఆయన వరస. ఎప్పుడు వచ్చినా ముందు వంగి దాని అంచు తడిమి, క్షేమంగా ఉందని తేలాకే ఇంట్లో వాళ్ళని క్షేమం అడుగుతాడు. ఆ మెరూన్ తివాచీ మీద ఈ తెల్ల కుక్క రోజంతా పడుకుంటుంది.

ఇంట్లో వాళ్ళ వరకే అయితే ఎలాగో సర్దుకుపోయేవారు. కానీ రత్నాంబ లలితా పారాయణం బృందంలో ఉంది. ప్రతి శుక్రవారం సాయంత్రం వంతుల ప్రకారం ఒకరి ఇంట్లో అందరూ కూర్చుని చదువుతారు. పోయినసారి రత్నాంబ వంతు వచ్చినప్పుడు అందరూ పట్టుచీరల్లో వచ్చి తివాచీ మీద కూర్చున్నారు, చదివారు, హారతి కళ్ళకద్దుకున్నారు, తాంబూలాలు అందుకుని లేచారు. ఎవరి వీపు వాళ్ళకి కనపడదు గనక హాయిగా నవ్వుకుంటూ వెళ్ళారు. బృందానికి పెద్ద దిక్కయిన పేరిందేవి గారు మాత్రం నేవీబ్లూ కంచిపట్టు చీరతో అటు నుంచి అటే తాడేపల్లిగూడెంలో ఒక రిసెప్షన్‌కి వెళ్ళారు. స్టేజి మీద ఆవిడ వంగి అక్షింతలు వేస్తుంటే ఫొటోగ్రాఫరు వెనక నుంచి తీశాడు.

మర్నాడు ఆవిడ దగ్గర నుంచి ఫోను వచ్చింది. "ఏమనుకోకండేం రత్నాంబ గారూ! మా పనమ్మాయి నా చీర దులుపుతూ, 'అమ్మగారూ, మేకల సంతకి గానీ వెళ్ళొచ్చారాండీ?' అని అడిగిందండీ. నాకైతే ఒకటే నవ్వు!"

ఆవిడకి నవ్వు రాలేదని రత్నాంబకి తెలుసు. రెండు రోజుల పాటు రత్నాంబకి అన్నం సయించలేదు. మూడో రోజు తమ్ముడు విజయ్‌కుమార్‌కి ఫోను చేసింది.

ఇప్పుడు మళ్ళీ వంతు తిరిగి వచ్చింది. "ఈ శుక్రవారం తివాచీ మీద ఒక్క వెంట్రుక కనపడినా సరే, జున్నుని మా విజయ్‌కుమార్ పట్టుకుపోతాడండీ. సాయంత్రం బుట్ట తీసుకుని రమ్మని చెప్పేశాను" అని రత్నాంబ తేల్చేసింది.

విజయ్‌కుమార్‌కి కైకలూరు అవతల, కొల్లేటి అంచున చేపల చెరువులున్నాయి. గట్ల మీద కాపలాకి కుక్కల్ని పెంచుతాడు. అవి రాత్రంతా మొరుగుతాయి, పగలంతా కరుస్తాయి.

"అక్కడ దీన్నేం చేస్తాడు రత్నం? అక్కడి కొంగలు మెడ చాపితే మన జున్ను కంటే ఎత్తుంటాయి" అన్నాడు భాస్కరరావు.

"అదే అలవాటు పడుతుందండీ. మీరు పడలేదూ?"

దేనికి అలవాటు పడ్డానని అంటోందో అడిగే ధైర్యం అతనికి లేకపోయింది. కాళ్ళ దగ్గర జున్ను తన సంగతి మాట్లాడుతున్నారని తెలియక తోక ఊపుతోంది. వాక్యూమ్ క్లీనర్ ఆలోచన అప్పుడు పుట్టింది.

ఫోనులో వెతికితే తల తిరిగింది. వెయ్యి వాట్లవి, రెండు వేల వాట్లవి, సంచి ఉన్నవి, సంచి లేనివి, నీళ్ళు కూడా పీల్చేవి, తనంతట తనే ఇల్లంతా తిరిగి సోఫా కింద ఇరుక్కునేవి. కొన్నవాళ్ళు రాసిన అభిప్రాయాలు చదివితే ఉన్న తెలివి కూడా పోయింది. ఒకాయన ఐదు నక్షత్రాలిచ్చి, "అద్భుతమైన మిషన్, ఇంకా పెట్టె విప్పలేదు" అని రాశాడు. ఆ కింద ఒకావిడ ఒక్క నక్షత్రమిచ్చి, కొరియర్ కుర్రాడు నవ్వలేదని రాసింది. కుక్క బొచ్చు సంగతి అడిగిన వాళ్ళకి జవాబు చెప్పినవాళ్ళు లేరు.

సిరాజుద్దీన్‌ని అడిగితే ఆయన భయం ఆయనది. "చవకది చూసుకోండి, ఖరీదైనది చూసుకోండి, నాకేం పర్లేదండీ. కింద గిరగిరా తిరిగే బ్రష్ ఉన్నది మాత్రం వద్దు. ముడులు లేచిపోతాయండీ! ఎన్ని వేలు పెడితే వస్తుందండీ మళ్ళీ ఆ నేత?"

భాస్కరరావుకి ఇంకో పట్టింపు ఉంది. పరీక్షించకుండా అతను ఏ వస్తువూ కొనడు. గిన్నె కొనాలంటే వేలి కణుపుతో కొట్టి, మోత విని, అప్పుడు బేరం మొదలుపెట్టే వంశం వాళ్ళది. అందుకని తాడేపల్లిగూడెంలో ఒక డీలరు ఇంటికే మనిషిని పంపి ఉచితంగా డెమో చూపిస్తాడని తెలియగానే ఫోను చేశాడు. చవకలో ఒక మంచి మోడల్ ఉందనీ, తిరిగే బ్రష్ లేదనీ, బుధవారం పొద్దున్నే తేజశ్రీ అనే అమ్మాయి వస్తుందనీ వాళ్ళు చెప్పారు.

అతను చేసిన తప్పల్లా ఆ మాట మంగళవారం రాత్రి భోజనాల దగ్గర రత్నాంబకి చెప్పడం. "రేపు పొద్దున్న ఒకమ్మాయి మనింటికొస్తుంది రత్నం, తివాచీ మీది బొచ్చు మిషన్‌తో తీసి చూపిస్తుందట" అన్నాడు. రత్నాంబకి అందులో మొదటి సగమే వినిపించింది.

బుధవారం ఫినాయిల్ వాసనకి భాస్కరరావుకి మెలకువ వచ్చింది. లేచి చూస్తే హాలు అద్దంలా ఉంది. తివాచీని పనమ్మాయి చేత డాబా మీదికి మోయించి, కర్రతో బాదించి, తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి మళ్ళీ పరిపించింది. కర్టెన్లు మారాయి. జున్నుకి తలంటు అయింది. అది పెరట్లో కట్టేసి ఉంది, మొహం వేలాడేసుకుని.

"ఇదేం పనే రత్నం! ఆ అమ్మాయి వచ్చేదే బొచ్చు కోసం!"

"అయితే మాత్రం? పరాయి పిల్ల మొదటిసారి గడప తొక్కుతుంటే బొచ్చుతో ఎదురెళ్ళమంటారా? చూసి ఏమనుకుంటుందండీ?"

"ఇలా రోజూ చేతనైతే మిషన్ దేనికసలు?"

"రోజూ డాబా ఎక్కించి దించడానికి నా నడుమేమైనా ఇనుప నడుమా? సాయంత్రానికి మళ్ళీ మామూలేగా" అంది రత్నాంబ నడుం పట్టుకుని.

తేజశ్రీ చలాకీ అయిన పిల్ల. వస్తూనే చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుంటానంది. దాంతో రత్నాంబ మనసు గెలిచేసింది. పెసరట్టు ఉప్మా తినే దాకా మిషన్ పెట్టె విప్పనివ్వలేదు. విప్పాక తేజశ్రీ నీలం రంగు మిషన్ని తివాచీ మీద ఆ మూల నుంచి ఈ మూల దాకా నడిపింది. మిషన్ బాగానే అరిచింది. ఆపి, పారదర్శకంగా ఉన్న డబ్బా తీసి చూపిస్తే అందులో ఏమీ లేదు. భాస్కరరావు దాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు, తలకిందులు చేసి చూశాడు, అలవాటు కొద్దీ వేలితో కొట్టి కూడా చూశాడు.

"ఏమ్మా, ఏం రాలేదే?"

"ఉంటే కదా సార్ వచ్చేది! నేను ఇన్ని ఇళ్ళు తిరుగుతున్నానా, మేడమ్ గారిల్లంత శుభ్రంగా ఎక్కడా చూళ్ళేదండీ."

రత్నాంబ మొహం వెలిగిపోయింది. వెళ్ళేటప్పుడు ఆ అమ్మాయికి సున్నుండలు కట్టిచ్చింది. భాస్కరరావు గేటు దాకా వెళ్ళి మెల్లగా చెప్పాడు. "బొచ్చు పట్టుకుంటుందో లేదో చూడకుండా ఎలా కొంటానమ్మా?"

"కొంచెం ఉంచండి సార్, పట్టి చూపిస్తాను."

"అదేనమ్మా, ఉంచనివ్వట్లేదు."

ఈ కష్టమంతా విని సిరాజుద్దీన్ ధైర్యం చెప్పాడు. "ఇంత ఆలోచన దేనికండీ? రేపు మా ఇంటికి రండి. మా ఆవిడ ఆబిదా పెంచే పిల్లి రోజంతా తివాచీ మీదే దొర్లుతుంది. చారెడు బొచ్చు ఎప్పుడూ ఉంటుంది. ఆ అమ్మాయినీ అక్కడికే రమ్మనండి."

గురువారం తేజశ్రీతో కలిసి స్నేహితులిద్దరూ సిరాజుద్దీన్ ఇంట్లో అడుగుపెట్టేసరికి హాల్లో తివాచీయే లేదు. నేల తళతళా మెరుస్తోంది, దాని మీద కుర్చీలు వేసి ఉన్నాయి. ఉతికిన తివాచీ డాబా పిట్టగోడ మీద నుంచి నీళ్ళు కారుస్తోంది. పిల్లి పక్కింట్లో ఉంది.

"ఇదేంటి ఆబిదా?" అన్నాడు సిరాజుద్దీన్ నోరు తెరిచి.

"అన్నయ్య గారొస్తున్నారు, కూడా ఒక కొత్తమ్మాయి వస్తోందని రాత్రి మీరే చెప్పారు కదండీ! పిల్లి దొర్లిన చోట కూర్చోబెడతామా వాళ్ళని?" అంది ఆబిదా. తరవాత భాస్కరరావు వైపు తిరిగి, "కూర్చోండన్నయ్య గారూ. బిర్యానీ దమ్ములో ఉంది, తిని గానీ వెళ్ళడానికి వీల్లేదు" అంది.

మగాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బిర్యానీ మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ఈ బేరం ఇంకో వారం సాగితే బాగుండునని తేజశ్రీకి అనిపించి ఉంటే ఆ పిల్ల తప్పేం లేదు.

పరువు పోయిన సిరాజుద్దీన్ అప్పుడు ఇంకో ఉపాయం చెప్పాడు. ఆయన తమ్ముడి కొడుకు మునీర్‌కి వట్లూరులో కాలేజీల దగ్గర కుక్కలకి స్నానాలు చేయించి, జుట్టు కత్తిరించే దుకాణం ఉంది. "రోజూ సంచులకి సంచులు పారేస్తాడండీ. ఒక సంచి తెప్పిస్తాను. గుప్పెడు చల్లండి, మిషన్ పెట్టండి, చూడండి, కొనండి. మా రత్నాంబ చెల్లెమ్మ గారు వచ్చేసరికి తివాచీ శుభ్రంగా ఉంటుంది, మిషన్ ఇంట్లో ఉంటుంది."

భాస్కరరావు ఆయన చేతులు పట్టుకున్నాడు. శుక్రవారం మధ్యాహ్నమైతే ఇల్లు ఖాళీ. బృందానికి ఒక పెద్ద ఇత్తడి దీపం కుంది ఉంది. పోయిన వారం పారాయణం ఎవరింట్లో జరిగిందో ఆ ఇంటికి ఈ వారం వంతు వచ్చిన ఇల్లాలు వెళ్ళి, మిగతావాళ్ళతో కలిసి అక్కడే భోజనం చేసి, నాలుగింటికి అందరూ కలిసి కుంది తీసుకుని రావడం వాళ్ళ పద్ధతి. పోయిన వారం జరిగింది పేరిందేవి గారింట్లో. పన్నెండింటికి రత్నాంబ పట్టుచీర కట్టుకుని, పులిహోర గిన్నెల మీద మూతలు పెట్టి, జున్నుకి రెండోసారి తలంటు పోసి, "తివాచీ మీదికి రానిచ్చారంటే చూడండి" అని చెప్పి వెళ్ళిపోయింది. తేజశ్రీ ఒంటి గంటకి రావాలి.

తేజశ్రీ ఎక్కిన రైలు ఏలూరు సిగ్నల్ దగ్గర ఆగింది. ఎందుకాగిందో ఎవరూ చెప్పలేదు. ఆ పిల్ల ఇంటికి చేరేసరికి మూడు దాటింది. ఈ లోపల భాస్కరరావు గేటుకీ హాలుకీ మధ్య తిరిగి తిరిగి చొక్కా తడుపుకున్నాడు. జున్ను వంటింటి గడప మీద కూర్చుని అతనితో పాటు తల తిప్పుతోంది. సాయంత్రానికి దీన్ని బుట్టలో పెడతారన్న ఆలోచన వచ్చినప్పుడల్లా అతను దాని వైపు చూడటం మానేస్తున్నాడు.

మునీర్ పంపిన సంచి మూతి విప్పారు. అది బియ్యం సంచంత ఉంది, నిండుగా ఉంది.

"సార్, ఇది ఎన్ని కుక్కలదండీ?" అంది తేజశ్రీ.

"ఎన్నయితే ఏంటమ్మా, కానివ్వు. టైం లేదు." భాస్కరరావు గుప్పెడు తీసి తివాచీ మీద చల్లాడు. మిషన్ గుర్రుమంది. నడిచిన దారంతా శుభ్రమైపోతోంది. డబ్బాలో బొచ్చు గిరగిరా తిరుగుతోంది. ఒక్క ముడి లేవలేదు, ఒక్క వెంట్రుక మిగలలేదు. భాస్కరరావుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీలం డబ్బా అప్పుడతని కంటికి దేవుడిచ్చిన వస్తువులా కనపడింది.

"తీసేసుకుంటానమ్మా! బిల్లు రాసెయ్."

"ఉండండి సార్, ఇంకోటి కూడా చూడండి. పీల్చడమే కాదు, ఇది ఊదుతుంది కూడానండీ. కిటికీ మెష్‌లకీ, ఫ్యాన్లకీ పనికొస్తుంది." తేజశ్రీ గొట్టాన్ని ముందు నుంచి తీసి మిషన్ వెనక వైపు బిగించింది. అంతలో ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. సిగ్నల్ కోసం వరండాలోకి వెళ్ళింది.

ఒంటరిగా మిగిలిన భాస్కరరావుకి వంశ లక్షణం తన్నుకొచ్చింది. గుప్పెడు పీల్చిన మాట నిజమే. మరి ఎక్కువ ఉంటే? కొనబోయే ముందు పూర్తి బలం చూడొద్దూ? ఏకంగా సంచిలోనే గొట్టం పెట్టి చూద్దామనుకున్నాడు. ఊదడం సంగతి ఆ పిల్ల చెప్పింది గానీ, అతని చెవులు బిల్లు దగ్గరే ఆగిపోయి ఉన్నాయి. గొట్టాన్ని సంచిలోకి మోచేతి దాకా దూర్చి స్విచ్చి వేశాడు.

సంచి ఒక్కసారి పొంగింది. ఆ తరవాత హాల్లో వెలుతురు తగ్గింది. నల్ల బొచ్చు, గోధుమ రంగు బొచ్చు, బూడిద రంగు బొచ్చు, చారల కుక్కలది చారల బొచ్చు, అన్నీ కలిసి సీలింగ్ దాకా లేచాయి. పైన ఫ్యాను వాటిని అందుకుని నాలుగు మూలలకీ సమానంగా పంచింది. భాస్కరరావు కంగారులో స్విచ్చి అనుకుని ఇంకేదో నొక్కాడు. అది వేగం పెంచేది. చివరికి కళ్ళు మూసుకుని వైరు పట్టుకు లాగేసరికి మిషన్ ఆగింది. ఖాళీ సంచిని కాలితో సోఫా కిందికి తోశాడు. అదే సమయానికి బయట కారు తలుపులు పడ్డ చప్పుడు వినిపించింది.

కుంది పట్టుకుని ముందు పేరిందేవి గారు, పక్కన రత్నాంబ, వెనక మిగతా పట్టుచీరలూ హాల్లోకి వచ్చి మధ్యలో ఆగిపోయారు. ఫ్యాను ఇంకా పనిచేస్తూనే ఉంది. పైన తిరుగుతున్న బొచ్చు నెమ్మదిగా, తొందర లేకుండా దిగి, వచ్చిన వాళ్ళ భుజాల మీదా కొప్పుల మీదా వాలింది. గొట్టం చేత్తో పట్టుకుని భాస్కరరావు విగ్రహంలా నిలబడ్డాడు.

ఇది చాలదన్నట్టు గుమ్మంలోంచి విజయ్‌కుమార్ గొంతు వినిపించింది. "అక్కా, బుట్ట తెచ్చానండాయ్! ఏదీ కుక్క?"

"రత్నాంబ గారూ, ఏమనుకోకండేం" అన్నారు పేరిందేవి గారు చాలా మెత్తగా. "పోయినసారి వెనక వైపే కదా అని సరిపెట్టుకున్నాం. ఈసారి మీ జున్ను ముందూ వెనకా కూడా వదల్లేదండీ."

రత్నాంబ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. అందరి ముందూ, రెండోసారి, తన ఇంట్లో! ఆవిడ పేరిందేవి గారి భుజం మీద వాలిన వెంట్రుకల్ని ఒక్కొక్కటే వేళ్ళతో ఏరసాగింది. భాస్కరరావు వంటింటి వైపు చూశాడు. గడప మీద జున్ను తలంటు పోసుకుని, పండగ పిల్లలా కూర్చుని ఉంది. ఇంక దాచి లాభం లేదు, నిజం చెప్పేద్దామని అతను నోరు తెరిచాడు.

సరిగ్గా అప్పుడు రత్నాంబ వేళ్ళు ఆగిపోయాయి. చేతిలో ఉన్నదాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. జున్ను వైపు చూసింది. మళ్ళీ చేతిలోకి చూసింది. కళ్ళు తుడుచుకుంది.

"పేరిందేవి గారూ, మా జున్ను తెల్లదండీ."

"తెల్లదేలెండి, ఎవరు కాదన్నారు?"

"ఇది నల్లదండీ."

అందరూ వంగి చూశారు. నిజమే, నల్లది. నిగనిగలాడుతోంది.

"మీ మనవడి దగ్గర పెద్ద కుక్కుంది కదండీ, ఇందాక మనం భోజనం చేస్తుంటే పక్కనే పడుకుంది. అదేం రంగండీ?" అని రత్నాంబ ఇంకా మెత్తగా అడిగింది.

"నల్లదే... అనుకోండి. అయితే మాత్రం అది..."

"ఏమనుకోకండేం. ఏదో కనిపించింది కదా అని అడిగాను."

ఆ తరవాత వెనక వరసలో ఒకావిడ భుజం మీద గోధుమ రంగుది దొరికింది. వాళ్ళింట్లో కుక్క లేదు, కానీ పక్కింట్లో ఉంది. ఇంకొకావిడ కొప్పులో బూడిద రంగుది దొరికింది. ఆవిడ, మా మరిది గారి పిల్లి అలా ఉంటుందండీ అని అడక్కుండానే ఒప్పేసుకుంది. ఒకరి చీర ఒకరు పట్టి చూసుకోవడం మొదలైంది. తెల్ల వెంట్రుక కోసం అందరూ వెతికారు. రెండు తలంట్ల పుణ్యమా అని ఒక్కటీ దొరకలేదు.

"మరి ఆ మిషనేంటండీ?" అన్నారు పేరిందేవి గారు, మాట మార్చడానికి దారి వెతుక్కుంటూ.

భాస్కరరావు మళ్ళీ నోరు తెరిచాడు. రత్నాంబ అందుకుంది. "వచ్చేవాళ్ళ చీరల మీద నుంచి రాలి ఫ్యాను గాలికి ఎగిరేది తియ్యడానికి మా వారు ముందుగానే తెప్పించి ఉంచారండీ. ఎవర్నీ నొప్పించే మనిషి కాదు, అందుకే చెప్పలేదు."

వరండాలోంచి వచ్చిన తేజశ్రీ గుమ్మం దగ్గర నిలబడి హాలు చూసింది, సోఫా కింద నుంచి కనపడుతున్న సంచి కొస చూసింది, భాస్కరరావు మొహం చూసింది. నడుచుకుంటూ వచ్చి సంచిని మడమతో లోపలికి తోసేసి, గొట్టాన్ని ముందు వైపుకి మార్చి, చిన్న బ్రష్ తగిలించి, "ఒక్కొక్కరే రండి మేడమ్" అంది. ఆడవాళ్ళందరూ వరసలో నిలబడ్డారు. చీరలు శుభ్రమయ్యాయి. తివాచీ, సోఫా, కర్టెన్లు, కుంది, ఫ్యాను రెక్కలు కూడా శుభ్రమయ్యాయి. పారాయణం అరగంట ఆలస్యంగా మొదలై నిర్విఘ్నంగా ముగిసింది. లేచాక అందరూ ఒకరి వీపు ఒకరు చూసుకున్నారు. దుమ్ము కణం లేదు.

అందరి కంటే ముందు పేరిందేవి గారు ఆర్డరిచ్చారు. ఆవిడ ఇచ్చాక మిగిలినవాళ్ళు ఇవ్వకపోతే తమ సంగతి తామే దాస్తున్నట్టవుతుంది గనక అందరూ ఇచ్చారు. కుక్కా పిల్లీ ఏదీ లేనివాళ్ళు మరీ పట్టుదలగా ఇచ్చారు. తేజశ్రీ రాసి రాసి చెయ్యి విదిలించుకుంది.

పులిహోర తిని మూతి తుడుచుకుంటూ విజయ్‌కుమార్ అడిగాడు. "మరి కుక్కని బుట్టలో పెట్టెయ్యమంటావా అక్కా?"

"ఏ కుక్కనిరా? మా జున్నునా?" రత్నాంబ దాన్ని ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. కుక్క వచ్చాక అది ఆవిడ ఒళ్ళోకి రావడం అదే మొదటిసారి. "ఊళ్ళో కుక్కలన్నీ చేసింది నోరు లేని దీని మీద వేసి ఇన్నాళ్ళూ ఎన్ని మాటలన్నారురా! మా ఇంట్లోంచి దీన్ని ఎవరు తీసుకెళ్తారో నేనూ చూస్తాను."

బుట్టలో మిగిలిన పులిహోర పెట్టించుకుని విజయ్‌కుమార్ కైకలూరు బస్సెక్కాడు. భాస్కరరావుకి గుండె మీద నుంచి బండ దిగినట్టయింది. అందరూ వెళ్ళాక జేబులోంచి డబ్బు తీసి, "ఉండమ్మా తేజశ్రీ, మా మిషన్ మాకిచ్చి వెళ్ళు" అన్నాడు.

"మనకెందుకండీ?" అంది రత్నాంబ.

"అదేంటి రత్నం? బొచ్చు..."

"ఎవరి బొచ్చు? ఇప్పుడు మనం మిషన్ కొంటే మన జున్ను రాలుస్తోందని మనమే ఒప్పుకున్నట్టు కాదూ? పేరిందేవి గారికి తెలిస్తే ఇంకేమైనా ఉందా? వద్దంటే వద్దు. నువ్వెళ్ళమ్మా, చీకటి పడుతోంది, రైలుకి టైమవుతుంది."

భాస్కరరావు మూడోసారి నోరు తెరిచాడు. నిజం చెబితే మిషన్ వస్తుంది, జున్ను పోతుంది. రత్నాంబ ఒళ్ళో జున్ను వెల్లకిలా పడుకుని పొట్ట గోకించుకుంటోంది. ఆవిడ మెరూన్ పట్టు చీర మీద అప్పటికే తెల్లటి చార పడింది. అది ఆవిడకి కనపడలేదో, చూడదలుచుకోలేదో అతనికి తెలియలేదు. నోరు మూసుకుని డబ్బు జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు రోజూ రత్నాంబ లేవక ముందే భాస్కరరావు తడిపిన రబ్బరు గ్లౌజు తొడుక్కుని, తివాచీ మీద మోకాళ్ళ మీద పాక్కుంటూ తెల్ల వెంట్రుకలు ఏరుతున్నాడు. జున్ను అతని వెనకే నడుస్తూ, శుభ్రమైన చోట చూసుకుని పడుకుంటోంది. ఏలూరులో ఆ బృందం వాళ్ళందరి ఇళ్ళలోనూ వాక్యూమ్ క్లీనర్లున్నాయి, బొచ్చు ఉన్న ఇంట్లో తప్ప.